నాన్న గొంతులోంచి ఎన్‌క్రిప్షన్ కీ తీయాలని చూస్తున్నాను, 255 బిట్ల దగ్గర ఇరుక్కుపోయాను

కండక్టర్‌గారబ్బాయి

నమస్కారమండీ. ముందు సంగతి చెప్పి తర్వాత ప్రశ్న అడుగుతాను. కొంచెం పొడవైంది, ఓపిక పట్టండి.

మా నాన్నగారికి 71 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్లుగా పార్కిన్సన్స్, కుడిచెయ్యి వణుకుతుంది. ఆయన పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు వేసి ఇచ్చాను. అందులో పొలం పాస్ పుస్తకం స్కాన్లు, ఎవరికి ఎంత చేబదులు ఇచ్చారో రాసుకున్న లెక్కలు, అమ్మ ఆస్పత్రి కాగితాలు, నాకు కూడా చూపించని ఒక ఫైలు ఉన్నాయి. వాటన్నిటినీ లక్స్ అనే డిస్క్ తాళం పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనివాళ్లు చదవలేకుండా మార్చి, 14 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాను. తప్పు చేసింది నేనే. ఆయన ఒక అక్షరం నొక్కబోతే పక్కది రెండుసార్లు పడుతుంది. తెరపైన చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఎక్కడ తప్పిందో తెలియదు. పోయిన నెల ఆరోసారి కూడా తెరుచుకోకపోతే మూత ధడాలున వేసేసి, "బస్సులో ఎవడు పాసు, ఎవడు టికెట్టు అని మొహం చూసి చెప్పేవాణ్ని. ఈ పెట్టెకి మాత్రం నేనెవరో చెప్పుకోవడం నా వల్ల కావట్లేదు" అన్నారు.

చెయ్యి మాట వినకపోయినా గొంతు ఇంకా ఆయనదే. డ్యూటీలో కేకేసిన స్టాపుల పేర్లు ఇప్పటికీ ఒక్క ఊపులో అనేస్తారు: గుంటూరు, నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల. పేర్ల మధ్య విరుపు, చివర 'బాపట్లా' అని సాగదీయడం ఇంకెవరికీ రాదు. ఆ గొంతే తాళంచెవి అయితే బాగుంటుంది కదా అనిపించింది.

'ఈ గొంతు ఆయనదేనా' అంటే అవును, కాదు అని చెప్పే ప్రోగ్రాం నాకు అక్కర్లేదు. అలాగైతే అసలు కీ ల్యాప్‌టాప్‌లోనే ఎక్కడో పడి ఉండాలి. దొంగిలించినవాడు ప్రోగ్రాంలో ఆ ఒక్క 'అవును' దగ్గర చెయ్యి పెడితే పని అయిపోతుంది. కీ ఎక్కడా ఉండకూడదు, ఆయన మాట్లాడినప్పుడల్లా గొంతులోంచి పుట్టాలి.

చేసిందేమిటంటే, రెండు వారాలు పొద్దున కాఫీ అయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు ఆ ఐదు పేర్లు చెప్పించి రికార్డు చేశాను. మొత్తం 31 రికార్డింగులు. ఒక్కోదాన్ని స్పీచ్‌బ్రెయిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరికే ఎకాపా మోడల్‌కి (గొంతుని బట్టి మనిషిని గుర్తుపట్టేది) ఇస్తే 192 సంఖ్యలు వస్తాయి. వాటిని ఒక ర్యాండమ్ మ్యాట్రిక్స్‌తో గుణించి, ప్లస్ వచ్చిన చోట 1, మైనస్ వచ్చిన చోట 0 పెట్టాను, ఈ 1లు, 0లే బిట్లు. నేను వాడిన బీసీహెచ్ కోడ్ (బిట్లలో వచ్చే తప్పుల్ని దిద్దే పద్ధతి) పొడవు 255 కాబట్టి బిట్లూ 255 తీశాను. ఆ తర్వాతది జ్యూల్స్, వాటెన్‌బర్గ్ 1999లో చెప్పిన ఫజీ కమిట్‌మెంట్. ఒక ర్యాండమ్ కీని బీసీహెచ్‌తో 255 బిట్లకి సాగదీసి, నాన్న గొంతు బిట్లతో ఎక్స్‌ఆర్ చేసి (రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1), వచ్చినదాన్ని డిస్క్‌లో పెడతాం. మళ్లీ ఆయన మాట్లాడితే కొత్త బిట్లతో ఇంకోసారి ఎక్స్‌ఆర్. కొన్ని బిట్లు తేడా వస్తాయి, ఆ తప్పుల్ని బీసీహెచ్ దిద్దుతుంది, కీ బయటికొస్తుంది.

కాగితం మీద వచ్చింది, ఇంట్లో రాలేదు. ఒకే పూట వరసగా రెండుసార్లు చెప్తే 20 నుంచి 30 బిట్లు మారుతున్నాయి. వేరే రోజుల మధ్య 45 నుంచి 55. జలుబు చేసిన రోజు 71. మా బాబాయి చేత చెప్పిస్తే 88, నేను చెప్తే 97, పక్కింటి మాస్టారు 120 పైన.

ఇప్పుడు బీసీహెచ్ పట్టిక చూడండి. 131 బిట్ల కీ కావాలంటే 18 తప్పులే దిద్దుతుంది. 47 బిట్ల కీ అంటే 42 తప్పులు. వేరే రోజు తెరుచుకోవాలంటే 55 తప్పులు దిద్దేది పట్టుకోవాలి, అప్పుడు మిగిలేది 21 బిట్ల కీ. అంటే సుమారు 21 లక్షల కీలు, వాటిని ప్రయత్నించడానికి కంప్యూటరుకి రెప్పపాటు కాలం కూడా అక్కర్లేదు. 63 తప్పుల దాకా వెళ్తే 9 బిట్లు, 512 కీలు! జలుబు రోజుకి అదీ చాలదు.

నేను ఎక్కడో తెలివితక్కువ పని చేస్తున్నానా, లేక గొంతు నుంచి కీ తీయడమనేది ఇంతేనా? ఎవరైనా చేసి చూసినవాళ్లున్నారా?

హలోమైక్

స్పీచ్ పని చేస్తుంటాను, క్రిప్టో నాకు అంతగా తెలియదు. నా వైపు నుంచి ఒక్కటి చెప్తాను.

మీరు కొలుస్తున్నది నాన్నగారి గొంతు ఒక్కదాన్నే కాదు. ల్యాప్‌టాప్ ఫ్యాను, గది గోడలు, మైకుకి ఆయన నోటికి మధ్య దూరం, వాల్యూమ్‌ని దానంతటదే పెంచి తగ్గించే సెట్టింగు, అన్నీ ఆ 192 సంఖ్యల్లోకి ఎక్కుతాయి. మోడల్ చాలావరకు వీటిని పట్టించుకోకుండా ఉండేలా నేర్చుకుంది కానీ పూర్తిగా కాదు. ముందు ఆ ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి. ఫోన్ కాల్‌లో రికార్డు చేసినవి ఏవైనా కలిపి ఉంటే తీసేయండి. మామూలు ఫోన్ లైనులో 4 వేల హెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, మోడల్ నేర్చుకున్నది అంతకు రెట్టింపు వెడల్పున్న శబ్దం మీద.

రెండోది, ఒక్కసారి చెప్పినదాన్ని నమ్మకండి. ఐదుసార్లు చెప్పించి 192 సంఖ్యల సగటు తీసి, అప్పుడు బిట్లు చేయండి. తేడా బాగా తగ్గుతుంది.

స్టాపుల పేర్లు ఇక్కడ రాసేశారేంటి సార్, అవే పాస్‌వర్డా?

కండక్టర్‌గారబ్బాయి

హహ, కాదండీ. అసలు రూటు వేరే. ఈ రూటు కూడా ఆయన చేసిందే కానీ రికార్డింగుల్లో ఉన్నది ఇది కాదు. అయినా అసలు రూటు ఏదో మా వీధిలో సగం మందికి తెలుసు, ఆ బెంగ నాకూ ఉంది.

గెయిన్ ఆపాను. ఐదుసార్ల సగటు తీశాను. బ్రహ్మాండంగా తగ్గింది, వేరే రోజుల మధ్య 34 నుంచి 40 దగ్గర ఉంటోంది. అంటే 42 తప్పులు దిద్దే కోడ్ సరిపోతుంది, 47 బిట్లు చేతికొచ్చాయి. కాకపోతే ఐదుసార్లు చెప్పమంటే నాన్న, "ఈలోపు బస్సు కదిలిపోద్ది" అంటున్నారు.

47 బిట్లు తక్కువేనని తెలుసు. కానీ కీని నేరుగా వాడకుండా ఆర్గాన్2 లాంటి నెమ్మది హ్యాష్‌లోంచి (కావాలనే టైము పట్టేలా చేసిన లెక్కలోంచి) పంపితే, ఒక్కో ప్రయత్నానికి అరసెకను పట్టేలా చేస్తే చాలదా? లెక్క వేశాను, ఒక్క మెషీన్ మీద 20 లక్షల ఏళ్ల పైన వచ్చింది.

పాతతాళం

మీ కష్టం చూస్తే ముచ్చటేసింది. పదేళ్ల కిందట నా ఎంటెక్ ప్రాజెక్టు ఇదే, ఇంచుమించు ఇదే గుంటలో పడ్డాను. అందుకని వివరంగా రాస్తున్నాను.

దీని మొదటి పెద్ద పని 2001లో జరిగింది. బెల్ ల్యాబ్స్‌లో మన్రోస్, రైటర్, లీ, వెట్జెల్ కలిసి, మనిషి నోటితో పాస్‌వర్డ్ చెప్తే అందులోంచి కీ తీసే పద్ధతి చూపించారు. 50 మంది, 250 రికార్డింగులు. సుమారు రెండు సెకన్ల మాట నుంచి 46 బిట్లు తీశారు. అసలు మనిషినే తిప్పి పంపేయడం అయిదింట ఒకటి దగ్గర ఉండేది. మీరు ఇంట్లో కూర్చుని 47కి వచ్చారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మరుసటి ఏడాది దాన్నే చేతిలో పట్టే ఐపాక్ అనే చిన్న కంప్యూటరు మీద నడిపి చూపించారు. పద్ధతి కూడా అందంగా ఉంటుంది. గొంతు లక్షణాలు ఒక్కోదానికీ రెండు గదులున్న వరస, సరైన గదిలో కీలో ఒక వాటా, రెండో గదిలో చెత్త. మాట్లాడినప్పుడు గొంతే ఏ గది తీయాలో ఎంచుకుంటుంది.

46 బిట్లంటే 70 లక్షల కోట్ల కీలు. సెకనుకి 100 కోట్లు చూడగలిగే గ్రాఫిక్స్ కార్డుకి 20 గంటల పని. మీరన్నట్టు ఆర్గాన్2 పెడితే లెక్క మారుతుంది, అది ఒప్పుకుంటాను. మీ లెక్కలో తప్పు వేరే చోట ఉంది. దొంగ 47 బిట్లనీ వరసబెట్టి ఊహిస్తాడని మీరనుకుంటున్నారు. వాడికి ఆ అవసరం లేదు.

మొదట ఆ 255 సంగతి. 192 సంఖ్యల్లోంచి 255 స్వతంత్రమైన బిట్లు రావు. మ్యాట్రిక్స్‌తో ఎంత గుణించినా పాలలో నీళ్లు కలిపినట్టే, చిక్కదనం పెరగదు. ఆ 192 కూడా ఒకదానికొకటి చుట్టాలే.

తర్వాత మీరు డిస్క్‌లో పెట్టిన ఆ ఎక్స్‌ఆర్ చేసిన ముక్క. అది ఊరికే కూర్చోదు, గొంతు గురించి చాడీలు చెప్తుంది. 255 బిట్ల కోడ్‌లో 47 మాత్రమే కీ, మిగతా 208 తప్పులు దిద్దడానికి పెట్టిన అదనం. ఆ ముక్క దొరికినవాడికి గొంతు గురించి 208 బిట్ల సమాచారం దాకా దొరికినట్టే లెక్క కట్టాలి. గొంతులో ఉన్న అసలు ఎంట్రోపీ, అంటే ఎవరూ ఊహించలేని భాగం, 208 బిట్ల కన్నా తక్కువైతే, గణితం మీకు ఇచ్చే హామీ సున్నా. డోడిస్, రేజిన్, స్మిత్ 2004లో ఫజీ ఎక్స్‌ట్రాక్టర్ల పేరుతో ఈ లెక్కను పద్ధతిగా రాశారు. మీరు ఎంత ఎక్కువ తప్పులు క్షమిస్తే అంత ఎక్కువ బయటపెట్టాల్సి వస్తుంది. జలుబుని కూడా క్షమించమని అడిగితే ఇంకేం మిగులుతుంది?

ఇవన్నీ మర్చిపోయినా ఇదొక్కటి మర్చిపోకండి. మీ పద్ధతి వెయ్యిమందిలో ఒక్కడి గొంతుకి పొరపాటున తెరుచుకుంటుందనుకుందాం. అప్పుడు మీ కీ బలం 10 బిట్లే. పైన 47 అని రాసుకున్నా, 256 అని రాసుకున్నా అంతే. ఎందుకంటే దొంగ బిట్లు ఊహించడు, గొంతులు తెచ్చి వరసగా పెడతాడు. పరిశోధనకి వాడే వోక్స్‌సెలెబ్ అనే సంకలనంలోనే 7 వేలకి పైగా మనుషుల గొంతులున్నాయి, ఎవరైనా సంపాదించుకోవచ్చు. ల్యాప్‌టాప్ వాడి దగ్గరే ఉంది, ఎన్నిసార్లు ప్రయత్నించాడో లెక్కపెట్టేవాడు లేడు. ఒక్కోదానికి మీ అరసెకను కలిపినా 7 వేల గొంతులకి గంట. పదివేలమందిలో ఒకడికి తెరుచుకునేంత గట్టిగా బిగించినా 13 బిట్ల పైచిలుకు, అంటే ఏటీఎం పిన్నంత. మిమ్మల్ని నిరుత్సాహపెట్టాలని కాదు, బ్యాలర్డ్, కమారా, రైటర్ 2008లో ఈ తరహా పద్ధతుల మీద రాసింది కూడా ఇలాంటిదే. జనాభాలో ఆ లక్షణాల తీరు తెలిసినవాడు, డిస్క్‌లోని ముక్క కూడా చేతికొస్తే, మనం అనుకున్నదానికన్నా చాలా త్వరగా ఊహిస్తాడు. ఆ రైటర్ 2001 పేపర్ రాసినవాళ్లలో ఒకరు. సొంత పొలంలో కలుపు తానే తీసుకున్నాడని నాకు ఆయనంటే గౌరవం.

ఇంకా సులువు దారి కూడా ఉంది. మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నాన్నగారి వాయిస్ మెసేజ్‌లు ఎన్నున్నాయి?

కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్‌తో అయితే పని జరిగింది. హావో, ఆండర్సన్, డాగ్‌మన్ 2006లో ఐరిస్ నుంచి 140 బిట్ల కీ తీశారు, అసలు మనిషిని కాదనడం 0.47 శాతమే. అక్కడ మొదలే 2048 బిట్లు, అదే కంటిని మళ్లీ చూస్తే మారేది 10 నుంచి 20 శాతం. ఐరిస్‌కి జలుబు చేయదు మరి.

కండక్టర్‌గారబ్బాయి

వాయిస్ మెసేజ్‌లా? ఆయన టైప్ చేయలేరు కాబట్టి గ్రూపులో ఆయన పెట్టేవన్నీ వాయిస్ మెసేజ్‌లే. రోజుకి నాలుగైదు. గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా.

నిన్న రాత్రి మీ మాట మీద ఒక పని చేశాను. గ్రూపులోంచి ఆయన వాయిస్ మెసేజ్‌లు ఐదు తీసుకున్నాను, అందులో స్టాపుల పేర్లేమీ లేవు, మామిడికాయల గురించి మాట్లాడారు. వాటి సగటు తీసి బిట్లు చేసి ప్రోగ్రాంకి ఇచ్చాను. 41 తేడా. తెరుచుకుంది.

కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. ఆ గ్రూపులో 38 మంది ఉన్నారు. అంటే ఆ ఎకాపా మోడల్‌కి మాటలేవైనా ఒకటే, గొంతు మాత్రమే కావాలి. స్టాపుల పేర్లు రహస్యంగా ఉంచానని నేను పడ్డ తంటా అంతా దండగ.

పాతతాళం

అవును, అది మనిషిని గుర్తుపట్టడానికి చేసిన మోడల్, మాటని పట్టించుకోకపోవడమే దాని గొప్ప. 2001 పద్ధతిలో మాట కూడా లెక్కలోకి వచ్చేది. మీ దగ్గర మాటల్ని గుర్తుపట్టి విడిగా కలపొచ్చు. కానీ అప్పుడు బలం వచ్చేది మాటల నుంచే, గొంతు నుంచి కాదు. స్టాపుల వరసని మీ వీధి మొత్తం ఊహించగలదు.

మాట ముఖ్యమనుకున్నా ఈ రోజుల్లో నిలబడదు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్లు వాల్-ఇ అనే మోడల్ చూపించారు, మూడు సెకన్ల నమూనా వింటే చాలు, ఆ గొంతుతో ఏ మాటైనా పలుకుతుంది. అంతకుముందు మెషీన్లు కూడా అక్కర్లేకుండానే 2017లో బ్రిటన్‌లో బీబీసీ విలేఖరి ఒకాయన బ్యాంకు ఖాతాకి గొంతు గుర్తింపు పెట్టుకుంటే, ఆయన కవల సోదరుడు ఎనిమిదో ప్రయత్నంలో లోపలికి వెళ్లాడు. అచ్చు గుద్దినట్టుండే కవలలు కూడా కాదు. మీ బాబాయి 88 దగ్గర ఉన్నారు కదా, కాస్త మిమిక్రీ చేయగలరేమో చూడండి.

గొంతుపని

నేను స్పీచ్ థెరపిస్టుని. మీ లెక్కలు సగమే అర్థమయ్యాయి. కానీ పార్కిన్సన్స్ అన్న మాట చూశాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఈ జబ్బులో చాలామందికి గొంతు కూడా మారుతుంది. మెల్లగా, ఒకే స్థాయిలో, కొంచెం బొంగురుగా అవుతుంది. అందరికీ ఒకే వేగంతో కాదు, కానీ అవుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే ఆ మనిషికి తన గొంతు తగ్గిందని తెలియదు, మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటారు. 'మీకే వినపడట్లేదు' అని ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటారు. మందు వేసుకున్న గంటకి ఒకలా, మందు ప్రభావం దిగిపోయే టైముకి ఇంకోలా ఉండటం కూడా చూస్తాం. మీ పొద్దుటి రికార్డింగులకి, రాత్రివాటికి తేడా ఉందేమో చూడండి.

నాన్నగారిని థెరపీకి తీసుకెళ్తున్నారా? లేకపోతే వెంటనే మొదలుపెట్టండి. గట్టిగా మాట్లాడటాన్ని మళ్లీ అలవాటు చేసే పద్ధతి ఒకటుంది, ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అంటారు. వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు, మొత్తం 16 సెషన్లు, పైన ఇంట్లో రోజూ సాధన. దానితో గొంతు పెరుగుతుంది, అంటే మారుతుంది. గొంతు మారితే ఆ ఫోల్డరు తెరుచుకోదేమో అని థెరపీ వాయిదా వేయకండి. నవ్వులాటకి అనట్లేదు, మనుషులు ఇంతకన్నా చిన్న కారణాలకే వాయిదా వేస్తారు.

నీలిపెన్ను

అన్నా, తప్పుగా అనుకోకు. ఇంత తిప్పలు ఎందుకు? మా అమ్మమ్మకి రేషన్ షాపుల వేలిముద్ర పడదు, అరిగిపోయినయ్ వేళ్లు. నెలనెలా ఆ మిషన్ ముందు నిలబడి చీర కొంగుకి తుడుచుకుంటది, మళ్ల పెడ్తది. ఒంటిని తాళంచెవి చేస్తే ఒంటితో పాటు అది కూడా ముసలిదైతది. ఒక పెన్‌డ్రైవ్‌ల కీ ఫైల్ వేసి ఆయన మెడల దారానికి కట్టు. అయిపాయె.

పాతతాళం

నీలిపెన్ను గారు దాదాపు జవాబు చెప్పేశారు. చిన్న సవరణ: మామూలు పెన్‌డ్రైవ్ అయితే ఎవరైనా ఐదు నిమిషాల్లో కాపీ చేసుకుని తిరిగి మెడలో వేసేయొచ్చు. దాని బదులు ఫిడో2 సెక్యూరిటీ కీ కొనండి, పెన్‌డ్రైవ్‌లాగే ఉంటుంది, పైన వేలితో తాకే చోటు ఉంటుంది. లోపల ఒక రహస్యం ఉంటుంది, బయటికి రాదు. ల్యాప్‌టాప్ ఒక సంఖ్య పంపితే దాన్ని ఆ రహస్యంతో లెక్కకట్టి జవాబిస్తుంది. ఈ రోజు, రేపు, జలుబు చేసిన రోజు, ఎప్పుడూ అవే బిట్లు. గొంతు దగ్గర మీరు బీసీహెచ్‌తో కుస్తీ పట్టింది దీనికోసమే. ఉబుంటులో సిస్టమ్‌డీ క్రిప్ట్‌ఎన్‌రోల్ అనే కమాండు దీన్ని లక్స్‌2కి (లక్స్ కొత్త రూపానికి) తగిలిస్తుంది.

దీనికి నాలుగంకెల పిన్ పెట్టొచ్చు. నాలుగంకెలంటే 10 వేలే కదా, గొంతుని తిట్టి దీన్నెలా మెచ్చుకుంటున్నావని అడగొచ్చు. తేడా ఏమిటంటే ఇక్కడ లెక్కపెట్టేవాడున్నాడు. వరసగా ఎనిమిదిసార్లు తప్పు కొడితే ఆ పిన్ బిగుసుకుపోతుంది, దాన్ని మొత్తం చెరిపేస్తే తప్ప మళ్లీ పనిచేయదు. రహస్యం చిన్నదైనా కాపలా ఉంటే నడుస్తుంది. డిస్క్‌లో పడున్న మీ ఎక్స్‌ఆర్ ముక్కకి కాపలా ఎవరూ లేరు. మన ఫోన్లలో వేలిముద్రదీ ఇదే కథ. వేలిముద్రలోంచి కీ పుట్టదు, ఒక చిప్పులో దాచిన కీని వాడటానికి అనుమతి మాత్రం ఇస్తుంది.

లక్స్‌2లో ఒకే డిస్క్‌కి 32 దాకా కీ స్లాట్లు ఉంటాయి, అంటే ఒకే తాళానికి వేర్వేరు తాళంచెవులు. ఒకటి ఈ టోకెన్‌కి, అంటే సెక్యూరిటీ కీకి ఇవ్వండి. ఇంకోటి పొడవాటి ర్యాండమ్ పాస్‌ఫ్రేజ్‌కి, అది కాగితం మీద రాసి బీరువాలో. ఒక్క కాగితం మీద భయమైతే షామిర్ 1979లో చెప్పిన పద్ధతి ఉంది, మూడు ముక్కలు చేసి ముగ్గురికివ్వండి, ఏ ఇద్దరు కలిసినా తెరుచుకుంటుంది, ఒక్కరి వల్ల కాదు.

గొంతు అంటే మీకంత ఇష్టమైతే, టోకెన్ పెట్టాక ఆయన గొంతు విని 'రండి కండక్టరు గారూ' అని స్క్రీన్ మీద పలకరించే పని దానికివ్వండి. పొరపాటుపడినా నష్టం లేదు.

కండక్టర్‌గారబ్బాయి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

గొంతుపని గారు చెప్పినట్టు రికార్డింగులు మళ్లీ తీసి చూశాను. పొద్దున మందు వేసుకున్నాక చేసినవి ఒక గుంపు, రాత్రివి ఇంకో గుంపు. ఒక గుంపు లోపల తేడా తక్కువ, రెండు గుంపుల మధ్య ఎక్కువ. నేను రోజుల తేడా అనుకున్నదాంట్లో సగం మందు టైమింగే. ఇంకోటి కూడా చేశాను. నాలుగేళ్ల కిందట చెల్లి పెళ్లి వీడియోలో నాన్న మైకు పట్టుకుని మాట్లాడిన నిమిషంన్నర ఉంది. దాన్ని ఇప్పటి గొంతుతో పోల్చాను. 79 వచ్చింది. ఆ హాలు, ఆ మైకు వేరే, కాబట్టి అదంతా జబ్బు వల్లేనని అనను. కానీ వీడియో వింటే నాకే తెలిసిపోయింది. రోజూ పక్కనే ఉన్నాం కదా, పట్టించుకోలేదు. థెరపీ మొదలైంది, ఆరు సెషన్లు అయ్యాయి. ఇంట్లో సాధనకి స్టాపుల పేర్లే వాడుతున్నారు, గట్టిగా, డ్యూటీలో అరిచినట్టు. పక్కింటి మాస్టారు గోడ మీంచి "ఎన్నింటికండీ బస్సు" అని అడిగారట.

టోకెన్ కొన్నాను. ఎడమచేత్తో గుచ్చి, నాలుగంకెలు కొట్టి, వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. మొదటి రోజు వణుకు వల్ల పిన్ రెండుసార్లు తప్పింది, ఎనిమిది లెక్క గుర్తొచ్చి నాకు టెన్షన్ పట్టుకుంది. మూడోసారి సరిగ్గా పడింది, సరిగ్గా పడితే లెక్క మళ్లీ మొదటికొస్తుందని అప్పుడు తెలిసింది. తర్వాత ఒక చిన్న నంబర్ ప్యాడ్ తెచ్చాను, పెద్ద బటన్లది. ఇప్పుడు తప్పట్లేదు. టోకెన్‌ని పాత టికెట్ల సంచీ తాడుకే కట్టుకున్నారు.

ఆయన నాకు చూపించని ఆ ఫైలు ఇప్పటికీ చూపించలేదు. పిన్ కూడా నాకు చెప్పకుండా ఆయనే మార్చుకున్నారు, ఎలా మార్చాలో మాత్రం నన్నే అడిగి.

కాగితం మీది పాస్‌ఫ్రేజ్‌ని మూడు ముక్కలు చేశాను. ఒకటి నా దగ్గర, ఒకటి చెల్లి దగ్గర. మూడోది బాబాయికి ఇద్దామంటే అమ్మ వద్దంటోంది, ఆ చేబదులు లెక్కల్లో బాబాయి పేరు కూడా ఉందట. బ్యాంకు లాకరా, మేనత్తా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.